ఎనిమిది సాంచాల మాట

ఆ పొద్దున మబ్బు పట్టింది. నేను పనిచేసే కోరుట్ల బియ్యం మిల్లు ముందర వడ్లు ఆరబోసి ఉన్నాయి. నలుగురం కలిసి కుప్పలు చేసి టార్పాలిన్లు కప్పుతున్నాం. గాలికి అంచులు లేస్తుంటే నేను రాళ్ళు పెడుతున్నాను. అప్పుడు సిరిసిల్ల నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది.

"మీ పెద్దబాపు పోయిండు. అస్తవా?"

వస్తానన్నాను. కుప్పలన్నీ కప్పాకే బయలుదేరాను. పని సగంలో వదిలి వచ్చానంటే ఆయన తిట్టేవాడు. పీనుగై పడుకుని కూడా తిట్టేవాడనిపించింది.

పెద్దబాపు మా బాపుకు అన్న. బతుకంతా సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. చాలా ఏళ్ళు కార్మికుల సంఘానికి పెద్దగా ఉన్నాడు. మంచివాడని రాయను. ఆయన బతికున్నప్పుడు ఎవరూ ఆ మాట అనలేదు, ఆయన అనిపించుకోవాలనీ చూడలేదు.

సాంచాల మోతలో మాట వినపడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళు పెదవులు చూసి మాట పట్టుకుంటారు. నేను సాంచాల మీద పనికి చేరినప్పుడు నాకు అది నేర్పింది ఆయనే. పట్టుకోలేకపోతే చేతిలో ఉన్న నూలు కండె నా మీదికి విసిరేవాడు. ఇంట్లో కూడా గొంతు వాడేవాడు కాదు. పెదవులు కదిపి మంచినీళ్ళు అడిగేవాడు. పెద్దమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంటే దాహంతోనే కూర్చునేవాడు. టీవీలో వార్తలు మోత తీసేసి చూసేవాడు. "మూతి చూస్తె తెలుస్తలేదా ఏం వాగుతున్నరో, చెవులెందుకు?" అనేవాడు.

కూలి ఒప్పందం రెండేళ్ళకోసారి తిరగరాసుకునేవాళ్ళం. ఒక ఏడు యజమానులు కొత్త షరతు పెట్టారు. అప్పటిదాకా ఒక మనిషి ఎనిమిది సాంచాలు చూసేవాడు. ఇకనుంచి పన్నెండు చూడాలన్నారు. పెద్దబాపు మీటింగులో లేచి ఒకటే అడిగాడు.

"ముగ్గురి పని ఇద్దరు చేస్తె మూడోడు యాడికి పోవాలె? మానేరు వాగుల దుంకాల్నా?"

ఎనిమిది దాటనివ్వనన్నాడు. సమ్మె మొదలైంది.

యజమానుల తరఫున మాట్లాడేది మా మామ. మేనత్త భర్త, పెద్దబాపుకు స్వయానా బావ. ఇద్దరూ ఒకే కార్ఖానాలో పక్కపక్కన నిలబడి పని నేర్చుకున్నవాళ్ళు. తర్వాత మామ సొంత షెడ్డు పెట్టుకున్నాడు, పెద్దబాపు సంఘం పెట్టుకున్నాడు.

చర్చలకు ముందు పెద్దబాపు మమ్మల్ని సంఘం గదిలో తయారుచేశాడు. తనే యజమానిలా కుర్చీలో కూర్చునేవాడు. మేము ఒక్కొక్కరం ఎదురుగా నిలబడి మా మాట చెప్పుకోవాలి. ఆయన తిడతాడు. ఒక్క అబద్ధమూ ఆడేవాడు కాదు, అందుకే ఎక్కువ తగిలేది. "పొద్దుగాల్నే కల్లు తాగి సాంచా మీద తూలెటోనివి, నీకేం ఒప్పందంరా?" అని ఒకతన్ని. పోలియోతో ఒక కాలు చచ్చుబడిన కార్మికుడు మాలో ఉన్నాడు. అతన్ని చూసి, "కుంటోనివి. నీకు ఎనిమిదే ఎక్కువ. నాలుగు తీస్కొని మూలకు కూసో" అన్నాడు. అతను అందరి ముందూ ఏడ్చాడు.

"ఈడ ఏడ్వు. కడుపు నిండ ఏడ్వు," అన్నాడు పెద్దబాపు. "ఆడ ఏడిస్తె మాత్రం అందరం మునుగుతం."

తర్వాత చర్చల్లో మామ సరిగ్గా అదే మాట అన్నాడు. కుంటోనివి అన్నాడు. ఆ కార్మికుడు రెప్ప ఆర్పలేదు.

చర్చలు కార్మిక శాఖ ఆఫీసులో జరిగాయి. ఇటువైపు వాళ్ళూ అటువైపు వాళ్ళూ సాంచాల మీద పెరిగినవాళ్ళే కాబట్టి, తమలో తాము మాట్లాడుకునేటప్పుడు అందరూ తువ్వాల మూతికి అడ్డం పెట్టుకునేవారు. కొత్తగా వచ్చిన అధికారికి అది అర్థం కాలేదు.

"ఏమిటయ్యా, అందరికీ ఒకేసారి పంటి నొప్పి వచ్చిందా?"

"కాదు సారు," అన్నాడు మామ. "మా బామ్మర్దికి నా మూతి చూసుడంటె మస్తు ఇష్టం. గందుకే దాస్తున్న."

"మా అక్క గా మూతిల ఏం చూసి చేసుకున్నదో ఇంక దొర్కలే సారు," అన్నాడు పెద్దబాపు. "ఎతుకుతున్న."

ఆ రోజు అదొక్కటే నవ్వు.

గురువారం యజమానులు పదికి దిగారు. మనిషికి పది సాంచాలు. మాలో చాలామంది ఒప్పుకుందామన్నారు. ఇళ్ళలో పొయ్యిలు ఆరిపోయాయి. చాయ్ విరామంలో మామ కిటికీ దగ్గరికి వెళ్ళి, తువ్వాల భుజాన వేసుకుని, ఇంకో యజమానితో ఏదో మాట్లాడాడు. పెద్దబాపు చాయ్ ముట్టకుండా అటే చూశాడు. బయటికి వచ్చి మాతో, "పదికి ఒప్పుకోవద్దు. సోమవారం దాక ఆగుండ్రి. ఎనిమిదికే అస్తరు," అన్నాడు.

"ఎట్ల తెలుసే నీకు?" అని అడిగారు.

"నా మాట మీద నమ్మకం లేకుంటె పోయి పదీ నడుపుకోండ్రి."

నమ్మారు. ఆగారు. సోమవారం పొద్దున వేరే రాష్ట్రం నుంచి రెండు లారీల్లో పనివాళ్ళు దిగారు. మధ్యాహ్నానికి సాంచాలు ఆడుతున్నాయి. మరునాడు మేము అదే ఆఫీసుకు వెళ్ళి పన్నెండుకు సంతకం పెట్టాం.

సంతకాలప్పుడు మామ మూతికి తువ్వాల లేదు. గొంతు లేకుండా పెదవులే కదిపాడు. పెద్దబాపు పక్కనే ఉన్నాను కాబట్టి నేనూ చదివాను.

"కిటికి కాడ తువ్వాల ఊకనే తీసిననుకున్నవా, బామ్మర్దీ?"

దారిలో పెద్దబాపు చెప్పాడు. ‘సోమవారం దాక చూసి ఎనిమిదికే ఒప్పుకుందాం’ అని మామ కిటికీ దగ్గర అన్నాడట. లారీలు వచ్చేదాకా మేము ఆగాలని, ఈయన చూసేలా ఆ అబద్ధం ఆడాడని ఇప్పుడు మా ఇద్దరికీ తెలిసింది.

ఎవరెవరిని తీసెయ్యాలో సంఘమే చెప్పాలన్నారు యజమానులు. పెద్దబాపు మొదట నన్ను చూపించాడు. "వీడు మా తమ్ముని కొడుకు. ముందుగాల వీన్ని తీసెయ్యుండ్రి." ఆ తర్వాత పోలియో కాలున్నతని ఇంటికి తనే నడిచి వెళ్ళి, "పన్నెండు సాంచాల నడుమ ఉరుకుడు నీతోని కాదు, నీ పేరు చెప్పిన," అన్నాడు. అతను తలుపు వేసుకున్నాడు. ఇప్పుడు ముస్తాబాద్‌లో అత్తగారింటి దగ్గర మేకలు కాస్తున్నాడు.

సిరిసిల్ల అంతా ఒకటే మాట అన్నది, బావకు అమ్ముడుపోయిండని. హోటల్లో ఆయన వస్తే బెంచీ ఖాళీ చేసేవారు. జరిగింది చెప్పెయ్యమని నేను పోరాను.

"అమ్ముడుపోయినోన్ని తిడుతరు," అన్నాడు. "మోసపోయినోన్ని చూసి నవ్వుతరు. తిట్టనియ్‌రా."

చచ్చేదాకా చెప్పలేదు. నేనిప్పుడు చెప్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

ఆయన మీద నాకు చాలా కాలం కోపముండేది. పోయిన చలికాలం దవాఖానాలో చూశాను. దూది దుమ్ము మింగీ మింగీ ఛాతీ పనిచేయడం మానేసింది. గొంతు లేదు. పెదవులు కదిపాడు. నర్సుకు అర్థం కాలేదు, నాకైంది. "వడ్ల దుమ్ము గూడ మంచిది కాదు. మూతికి గుడ్డ కట్టుకో," అన్నాడు. నన్ను సాంచాల నుంచి గెంటింది ఆయనే. ఇవాళ నేను మెట్లెక్కితే ఆయాసం రాదు. ఆయన అది అనుకుని చేశాడని చెప్పను. చేశాడు, అంతే.

నేను వెళ్ళేసరికి పాడె కడుతున్నారు. మా వీధిలో ఒక ఆనవాయితీ ఉండేది. నేతవాడు చనిపోతే, శవం వీధి దాటేదాకా రెండు వైపులా సాంచాలు ఆపేవారు. ఆ కాసేపు వీధిలో కాళ్ళ చప్పుడు వినపడేది. ఆ రోజు ఏ కార్ఖానా ఆగలేదు. మామ తెల్ల చొక్కా వేసుకుని పెద్దబాపు ఇంటి గడపలో నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ వెళ్ళి అడిగింది.

"అన్నా, జరసేపు బందు పెట్టియ్యరాదే."

"ఒక్కొక్కడు పన్నెండు చూస్తుండు చెల్లే," అన్నాడు మామ మెల్లగా. "అన్నీ బందు పెట్టి, మల్ల షురూ జేసేసరికి పూట పోతది. పాపం, కూలి వాళ్ళదే పోతది."

పెద్దమ్మ పాడె దగ్గరికి తిరిగి వచ్చింది.

పదకొండింటికి పాడె లేచింది. నలుగురం మోశాం. ముందర పట్టిన ఇద్దరు కార్మికులు వీధి మలుపు దాకా వచ్చి, వేరేవాళ్ళకు భుజం మార్చి, సాంచాల దగ్గరికి వెళ్ళిపోయారు. మామ వాగు దాకా వచ్చాడు. చితి అంటుకున్నాక, పన్నెండున్నరకు కారెక్కి వెళ్ళాడు. పెద్దమ్మను చుట్టాలు రెండింటికి ఇంట్లోకి తీసుకుపోయారు. నేను ఐదింటి బస్సుకు వేములవాడ మీదుగా కోరుట్ల వచ్చాను.