ద్రోణి తొలగినా కదలని గోరింకలు

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి చివర్లో, మనుబోలుకు తూర్పున ఉన్న వాతావరణ పరిశీలన కేంద్రంలో సీనియర్ అబ్జర్వర్‌గా చేరాను. మా కేంద్రంలో వాన వస్తుందో రాదో చెప్పేవాళ్లు ఉండరు. ఉన్న వాతావరణాన్ని కొలిచి పై కార్యాలయానికి పంపితే, సూచనలు అక్కడి అధికారులు తయారుచేస్తారు. కొలతలన్నిటిలోకీ నాకు ఇష్టమైనది ఉదయం బెలూన్. హైడ్రోజన్ నింపి వదిలిన బెలూన్‌ను థియోడలైట్ అనే కోణాలు కొలిచే దూరదర్శినితో వెంబడిస్తాం. నిమిషానికోసారి కోణాలు రాసుకుంటే, ఏ ఎత్తులో గాలి ఎటునుంచి ఎంత వేగంతో వీస్తోందో లెక్కకు వస్తుంది. సముద్రపు గాలి వల్ల నేల మీద ఒకటి, పైన మరొకటి వీచడం మా తీరంలో మామూలే.

మార్చిలో అటవీ రేంజి అధికారి రమణయ్య గారు మా కేంద్రానికి వచ్చారు. భారీ మనిషి. గేటు దగ్గర మాట్లాడితే లోపల గదిలో వినిపించేంత గొంతు. పిట్టల మాట ఎత్తితే మాత్రం ఆ గొంతు తగ్గిపోయేది, పక్కనే ఎవరో నిద్రపోతున్నట్టు.

దగ్గర్లోని చెరువులో సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది. వేసవిలో పూడిక తీయాలంటే ముందు దాన్ని కొట్టేయాలి. ఆ తుమ్మల్లోనే శీతాకాలమంతా గులాబీ గోరింకలు వేల సంఖ్యలో రాత్రుళ్లు తలదాచుకుంటాయి. నల్లటి తల, లేత గులాబీ రంగు వీపు ఉన్న ఈ పిట్టలు వేసవి మొదట్లో ఇక్కణ్ణుంచి వాయవ్య దిశగా బయలుదేరి, ఎడారులూ కొండలూ దాటి మధ్య ఆసియాకు వెళ్లి గూళ్లు పెడతాయి. ప్రయాణానికి ముందు పగలంతా తిని ఒంట్లో కొవ్వు పట్టించుకుంటాయి. ఆ సమయంలో బస చెదిరితే కూడబెట్టుకున్న బలం ఇక్కడే ఖర్చయిపోతుందని రమణయ్య గారు వివరించారు. నీటిపారుదల ఇంజనీరును బతిమాలి ఆయన కొద్ది రోజులు గడువు తెచ్చుకున్నారు.

“మేడమ్, అవి ఎప్పుడు పోతాయో మీ బెలూన్ చెప్పుద్దా?” అని అడిగారు.

గాలి సంగతి చెప్పగలను గానీ పిట్టల సంగతి నాకు తెలియదన్నాను. “గాలి చెప్పండి చాలు. మిగతాది నేను చూసుకుంటా” అన్నారు.

అప్పటినుంచి రోజూ ఉదయం లెక్క తేలగానే ఆయనకు ఫోన్ చేసేదాన్ని. ఆ ఏడు ఒక అల్పపీడన ద్రోణి మా తీరానికి ఆనుకుని కదలకుండా ఉండిపోయింది. ద్రోణి అంటే పీడనం తగ్గి ఉన్న పొడవాటి పట్టీ. దానికి చెరోవైపున గాలులు వేరుగా వీస్తాయి. నేల మీద ఆగ్నేయపు గాలి హాయిగా తగులుతుంటే ఊళ్లో అందరూ ఎండాకాలపు గాలి తిరిగిందన్నారు. మా బెలూన్ మాత్రం కొంచెం ఎత్తుకు వెళ్లగానే వెనక్కి తిరిగి ఆగ్నేయానికే కొట్టుకుపోయేది. పైన గాలి వాయవ్యం నుంచి, అంటే పిట్టలు పోవలసిన దిక్కునుంచే వస్తోంది. ఆ తర్వాత రెండు రోజులు ఉరుములతో వాన పడింది. గోరింకలు తుమ్మల్లోనే ముడుచుకుని కూర్చున్నాయి.

వాన వెలిసింది. ద్రోణి పడమటికి జరిగింది. బెలూన్ మొదటిసారిగా నేల నుంచి పైదాకా ఒకే తీరున వాయవ్యానికి సాగింది. ఆ మాట చెప్పగానే రమణయ్య గారు ఫోన్లోనే గట్టిగా నవ్వారు. మర్నాటికి పని మొదలుపెట్టుకోవచ్చని ఇంజనీరుకు చెప్పేశారు.

మర్నాడు సాయంత్రం గోరింకలన్నీ యథాప్రకారం చెరువుకు తిరిగొచ్చాయి. ఆ మర్నాడూ అంతే.

ఆ తర్వాతి రోజు నా వారపు సెలవు కావడంతో చెరువు దగ్గరికి వెళ్లాను. రమణయ్య గారు పని ఆపించడంతో తుమ్మ కొట్టే బృందం కట్ట మీద కూర్చుని ఉంది. వాళ్ల మేస్త్రి సుబ్బమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని రమణయ్య గారి ఎదుట నిలబడింది.

“ఏందయ్యా, రోజూ రేపు రేపంటా ఉండావు! మా వాళ్లంతా ఊరొదిలి వచ్చినారు. ఎన్నాళ్లు ఇట్టా కూర్చోబెడతావు?”

“గాలి తిరిగింది కదమ్మా, పోతాయనుకున్నా.”

“గాలి తిరిగితే సరిపోయిందా? రెండు దినాలు కూడు లేకుండా తడిసినాయి. కడుపు నిండకుండా నువ్వైతే పోతావా అంత దూరం?”

రమణయ్య గారు, పిట్టల బస చెరువు నడిమి తుమ్మల్లోనే ఉందనీ, తూర్పు కొసన పెద్దగా వాలవనీ చెప్పారు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి, పిట్టలు మేతకు వెళ్లాక కత్తి పట్టి, అవి తిరిగి రాకముందే దించేస్తే తనకు అభ్యంతరం లేదన్నారు. సుబ్బమ్మ తూర్పు కొస వైపు ఒకసారి చూసి తలూపింది.

“సరే అన్నా. నడిమికి చేరేలోపల అవి పోకపోతే మాత్రం నన్ను అడగొద్దు.”

“అప్పుడు నేనే వాటి కాళ్లు పట్టుకుంటాలే” అన్నారాయన. కట్ట మీద అందరూ నవ్వారు.

వాన తడికి పొలాల్లో పురుగు లేచింది. గోరింకలు చీకటి పడేదాకా మేసి, కిచకిచలాడుతూ బసకు చేరేవి. తుమ్మకొట్టుడు తూర్పు కొస నుంచి కొంచెం కొంచెం నడిమికి జరుగుతూ వచ్చింది. రమణయ్య గారు నా ఫోన్ కోసం ఆగకుండా స్వయంగా మా ఆవరణలోకి వచ్చి బెలూన్ ఎటు పోతుందో చూసి వెళ్లేవారు. గాలి రోజూ అనుకూలమే. మా ఇద్దరికీ చెప్పుకోవడానికి కొత్తగా ఏమీ ఉండేది కాదు, టీ తాగేవాళ్లం.

నడిమి తుమ్మలకు ఇక ఒక్కరోజు పని దూరం ఉందనగా, ఆకాశం నిర్మలంగా ఉన్న ఒక ఉదయం నేను థియోడలైట్ దగ్గర ఉన్నాను. చెరువు వైపునుంచి పెద్ద రొద వినిపించింది. బెలూన్ పైకి పోతోంది. కోణం చదవాల్సిన నిమిషాలు ఎవరికోసమూ ఆగవు, కన్ను తీయడానికి వీల్లేదు. రమణయ్య గారు నా భుజం వెనక నిలబడి, చిన్న గొంతుతో చెబుతున్నారు: “లేచినాయి మేడమ్. పొలాల మీదకి దిగడం లేదు. తిరుగుతా ఉండాయి. ఇంకా పైకి... వాయవ్యానికే, వాయవ్యానికే మేడమ్!” నా కంటికి ఆనించిన గాజులో తెల్లటి బెలూన్‌కు అడ్డంగా నల్లటి చుక్కలు కొన్ని గబగబా దాటిపోయాయి. నేను కోణం చదివాను.

ఆ సాయంత్రం తుమ్మల్లో అలికిడి లేదు. మర్నాడు సుబ్బమ్మ బృందం నడిమి భాగంలోకి దిగింది.

పై గాలి కొలిస్తే పిట్టల ప్రయాణానికి అడ్డు ఉందో లేదో తెలుస్తుంది. బయలుదేరే రోజు తేలాలంటే వాటికి అంతకు ముందు మేత ఎంత దొరికిందో కూడా తెలియాలి, దాన్ని కొలిచే పరికరం మా కేంద్రంలో లేదు. ఆ తర్వాత ఎవరికి గాలి వివరాలు ఇచ్చినా, నేను కొలిచింది ఏదో, వాళ్లు అనుకుంటున్నది ఏదో విడివిడిగా చెప్పడం అలవాటు చేసుకున్నాను. రమణయ్య గారు తుమ్మ కొట్టే ఉత్తర్వుల్లో పని మొదలయ్యే తేదీ వేయించడం మానేశారు. “పక్షులు విడిచి వెళ్లిన తరువాత” అని రాయించేవారు.