ఆఫీసు వరండాలో రాక్షసరాజు

మొన్న బడి వార్షికోత్సవానికి మా పాపకు వేషం వేస్తుంటే కొబ్బరినూనె, రంగు కలిసిన వాసన వచ్చింది. గోదావరిఖని బొగ్గుబాయి కాలనీల్లో భాగోతాలాడి ముసలివాడైన మా తాత గుర్తొచ్చాడు.

ప్రత్యేక రాష్ట్రం రాకముందు, కళాకారుల పింఛను కోసం చిన్నపిల్లనైన నన్ను తోడు తీసుకుని కరీంనగర్ ఆఫీసుకు వెళ్లాడు. రాక్షసరాజు వేషంలో ఉన్న తాత ఫోటో చూసి గుమాస్తా పెదవి విరిచాడు.

"ఇది నువ్వే అని ఎట్ల నమ్మాలె తాతా? రేషన్ కార్డుల ముఖం వేరే ఉన్నది."

తాత సంచిలోంచి రంగు డబ్బీలు తీసి వరండాలోనే కూర్చున్నాడు. "అద్దం పట్టు బిడ్డా" అన్నాడు నాతో. రంగు పూసుకుని లేచి, గజ్జెలు లేకుండానే అడుగు వేసి పద్యం అందుకున్నాడు. ఫైళ్లు వదిలి వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. పింఛను మంజూరు చేయడమంటే అదే అనుకుని నేను అందరికంటే గట్టిగా కొట్టాను.

"మస్తు చేసినవ్ తాతా. గాని దీన్ని ఫైల్ల పెట్టలేం గద. సర్టిఫికెట్ తే" అన్నాడు గుమాస్తా.

తిరుగు బస్సులో తాత దరఖాస్తు కాగితంతోనే ముఖం తుడుచుకున్నాడు. పింఛను ఎప్పుడొస్తుందని అడిగాను.

"ఇచ్చిండ్రు గద బిడ్డా, చప్పట్లు. నువ్వు సుత ఇస్తివి."

మొన్న పాప ఆట అయ్యాక చప్పట్లకు నా చేతులు లేవలేదు. మొరటుదాన్నని పక్కావిడ అనుకునే ఉంటుంది.