మల్లయ్య కాక మీద నా ఆల్బినో పువ్వు

ముందుగాల ఎవ్వలు నవ్వద్దు. నవ్వనంటేనే చెప్త. మొన్న నేను ఒక పువ్వు కోసం ఏడిస్తే, మా క్వార్టర్ల లైన్ లైనంత నన్ను పట్టుకొని ఓదార్చింది. ఒకలు మంచినీళ్లు తెచ్చిండ్రు, ఒకలు ఈపు రాసిండ్రు, ఒకాయనైతే నాతోని పాటు ఏడ్చిండు. గంతటితోని ఆగిపోతే ఇయ్యాల మీకు చెప్పే పనే లేకపోవు. ఆగలే!

నేను గోదావరిఖనిల బొగ్గుబాయిల పంపు ఆపరేటర్ను. భూమిల ఊరే నీళ్లను మీదికి తోడుడు నా డ్యూటీ. కంపెనీ క్వార్టర్లల్ల మీది అంతస్తు మాది. ఇంటికొస్తే బాల్కనీల నా స్లిప్పర్ ఆర్కిడ్లు. పువ్వు ముందట చెప్పు ముక్కు తీరు ఒక సంచి ఉంటది, అందుకే గా పేరు. మన ఎండలకు గవి బతుకుడే గగనం. చుట్టూ గోనెసంచులు కట్టి, తడిపి, కూలర్ పెట్టి, మట్టికి బదులు కుండీలల్ల కట్టెబొగ్గు ముక్కలు, చెట్టు బెరడు పోసి సాకుత.

"పొద్దంత బొగ్గుల్నే ఉంటవు, ఇంట్ల సుత బొగ్గేనా?" అని నా భార్య పద్మ మొత్తుకుంటది.

మామూలు స్లిప్పర్ ఆర్కిడ్ బాగనే ఉంటది గని, మొకం నిండ ఎర్ర గీతలు, గోధుమరంగు మచ్చలు, పులిపిర్లు, వాటి మీద ఎంటికలు. షిఫ్టు దిగినంక అద్దంల నా మొకం చూసుకున్నట్టే ఉంటది. ఎప్పుడో ఒకటి మాత్రం గా ఎరుపు, గా గోధుమరంగు అసలే లేకుండ పుడ్తది. దాన్నే ఆల్బినో అంటరు. అంటే పాలలెక్క తెల్లగ ఉంటదనుకునేరు, కాదు. మీది రేకు తెల్లగ, దాని మీద పచ్చ గీతలు. కింద సంచి మామిడి పిందె రంగు. యాడ చూసిన ఒక్క మచ్చ ఉండది.

గంత పిచ్చి ఎందుకంటరా? షిఫ్టు అయినంక బాయిల నుంచి మీదికి ఎక్కుతుంటం గదా. పొద్దంత నలుపు తప్ప ఏం చూడని కండ్లకు, బాయి మూతికాడ ముందుగాల ఒక యాపచెట్టు కనవడ్తది. గా ఒక్క నిమిషం దాని ఆకులు ఎంత పచ్చగుంటయో మీకు చెప్పినా తెల్వది. రెండడుగులేసి ఎనుకకు తిరిగి చూస్తే మల్ల మామూలు చెట్టే. గా నిమిషం రంగు గీ పువ్వుల ఉన్నది. ఫోన్ల దాని ఫోటో చూసిన్నాడే నా పని ఖతమైంది. కొండల దిక్కు ఒకాయన దగ్గర చిన్న పిలక తెప్పించి, పసిపిల్లను సాకినట్టు ఏండ్లకేండ్లు సాకిన.

ఇగ మల్లయ్య కాక. మా కింద ఇల్లు వాళ్లది. చుట్టం కాదు, మా దిక్కు పెద్దోళ్లనందర్ని కాక అనే అంటం. బాయిల రిటైరై, కొడుకు శ్రీను క్వార్టర్ల ఉంటుండె. ఊపిరితిత్తులు పాడైనయి, పొద్దుమాపు దగ్గే. నా గోనెసంచుల నీళ్లు కారి కింద ఆయన ఆరేసుకున్న తెల్ల ధోతుల మీద పడేటియి. ఒకనాడు వాకిట్ల నిలవడి మీదికి చూసుకుంట ఒర్రిండు.

"అరేయ్ సదానందం! భూమిల నీళ్లు తోడినందుకు కంపెనోళ్లు జీతమిస్తుండ్రు. నా నెత్తి మీద పోసినందుకు ఎవలిస్తుండ్రురా నీకు?"

నేనన్న ఊకున్ననా? "పువ్వు విలువ తెల్వనోనికి నీళ్ల విలువ ఏం తెలుస్తది!" అన్న. గా మాటతోని ఇద్దరికి మాటలు బంద్. ఆడోళ్లు బాగనే మాట్లాడుకుంటరు. మేమిద్దరం మాత్రం మెట్లకాడ ఎదురైతే ఒకలు కుడిగోడ, ఒకలు ఎడమగోడ చూసుకుంట పోయేటోళ్లం.

మొన్న పొద్దుగాల డ్యూటీకి తయారైతున్న. బాల్కనీలకు పోయి చూస్తే ఏముంది? నా ఆల్బినో మొగ్గ విచ్చుకున్నది! పద్మను చెయ్యి పట్టి గుంజుకొచ్చిన.

"ఇది పూసిందా, ఇంక పూయాల్నా?" అన్నది.

"పూసిందే!"

"మరి రంగేది?"

"రంగు లేకుండుడే దీని అందం."

పద్మ చానసేపు చూసింది. చూసి, "కడిగిన మొకం లెక్కుంది" అన్నది. లగ్గమైనకాడికెళ్లి నా మొక్కల గురించి ఆమె నోట మంచి మాట వినుడు గదే ఫస్టు. గా ఖుషీల డ్యూటీకి పోయిన. పంపుకాడ కూసొని ఒక్కన్నే నవ్వుకున్న.

షిఫ్టు దిగి వచ్చేవరకు మా బిల్డింగ్ ముంగట టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, మంది. మల్లయ్య కాక పోయిండు! పొద్దుగాల చాయ తాగుకుంటనే ఒరిగిపోయిండట. ఆయన బిడ్డ ఖానాపూర్ నుంచి రావాలెనని ఫ్రీజర్ డబ్బా తెప్పించి వాకిట్ల పెట్టిండ్రు. ఎంత మాటల్లేకున్నా కింద దగ్గు, మీద మేము. గట్లనే గదా బతికింది.

మొకం కడుక్కొని వస్త అని మీదికి ఎక్కిన. అబద్ధమెందుకు, పువ్వును సుత ఒక్కసారి చూసుకుందామని ఎక్కిన. బాల్కనీల కుండీ ఉన్నది. ఆకులున్నయి. నడుమ కాడ ఉన్నది. కాడ కొసకు పువ్వు లేదు! కత్తెరతోని ఏటవాలుగ, సాపుగ కోసి ఉన్నది.

"పద్మా!"

ఇంట్ల ఎవ్వరు లేరు. మెట్లు ఉరికిన. మందిని జరుపుకుంట డబ్బాకాడికి పోయిన. గ్లాసు మూత కింద మల్లయ్య కాక. ముక్కుల దూది, గదుమకు గుడ్డ కట్టిండ్రు. ఛాతి మీద రెండు చేతులు కలిపి పెట్టిండ్రు. గా చేతుల నడుమ నా పువ్వు. మీది రేకు మీద పచ్చ గీతలు ఒక్కొక్కటి లెక్కవెట్టచ్చు, గంత ఫ్రెష్‌గ ఉన్నది. నా బాల్కనీల కంటె ఆడనే సల్లగ, సుఖంగ ఉన్నది.

నాకు ఇగ ఏం తెల్వలే. డబ్బా మీద బోర్ల పడ్డ. గ్లాసుకు నొసలానిచ్చి ఒక్కటే ఏడ్పు.

"అయ్యో! గింత జల్ది పోతివా! ఇంక నెలదినాలన్న ఉంటవనుకుంటి గదా!"

నిజమే గదా, స్లిప్పర్ ఆర్కిడ్ పువ్వు నెలకు పైననే నిలుస్తది. గని నా పక్కకు కూసున్న లచ్చవ్వకు, అంటే మల్లయ్య కాక భార్యకు, గా సంగతేం తెలుసు? నా భుజం పట్టుకున్నది.

"అవును బిడ్డా, డాక్టర్ సుత గట్లనే అన్నడు బిడ్డా! ఇంక కొన్ని నెలలకు ఢోకా లేదనే అన్నడు!"

అని, ఇగ రాగం తీసింది. "లేవయ్యా నా మల్లయ్యా! మీదింటి సదానందం వచ్చిండు లేవయ్యా! పంతం ఇడిసి వచ్చిండు లేవయ్యా! నీతోని మాట్లాడుతుండు, ఒక్కసారి కండ్లు తెరువయ్యా!"

ఆడోళ్లందరు ఘొల్లుమన్నరు. శ్రీను వచ్చి నన్ను కావలిచ్చుకున్నడు. "ఊకో అన్నా, నువ్వే గిట్లయితే మేమేం కావాలె?" అన్నడు. ఏం జెప్త? కన్నీళ్లు తుడుసుకునే తీరు చేసి మల్ల గ్లాసు లోపటికి చూసిన. పువ్వును చూస్తే మల్ల ఏడ్పు.

జర సేపటికి పద్మను మెట్ల కిందికి గుంజిన. "గది ఎందుకు కోసినవే? బంతిపూలు దొరకయా ఖనిల?"

"దొరుకుతయి. శ్రీను దండలు చెప్పిండు, ఇంక రాలే. మనిషి ఒక్క పువ్వు లేకుండ పండుకున్నడు. లచ్చవ్వ నా దిక్కు చూసింది, నేను మన బాల్కనీ దిక్కు చూసిన."

"మరి మచ్చలయి ఉండె గదా! మామూలయి! రెండు పూసి ఉండె గదా!"

పద్మ నా కండ్లల్లకు సక్కగ చూసింది. "నువ్వు ఆయనతోని ఇగ మాట్లాడేటట్టు లేదు. అందుకే నీ తరఫున పెట్టిన. నీ తరఫున పెట్టేటప్పుడు మచ్చలయి ఎట్ల పెడ్త?"

మొకం కిందికేసుకొని మల్ల డబ్బాకాడికి పోయిన.

గని ఆశ గలీజుది. పువ్వు కోసినా నీళ్లల్ల పెడితే ఇంక చానదినాలు ఉంటది. కాష్టం మీదికి పోకముందే మెల్లగ తీసి జేబుల ఏసుకుంటే ఎవలు చూస్తరు? దింపుడుకల్లం ఆశ అంటరు చూడుండ్రి, అచ్చం గదే!

బిడ్డ వచ్చింది, ఏడ్చింది. స్నానం చేపించిండ్రు, పాడె కట్టిండ్రు. గింతల దండలు సుత వచ్చినయి. పువ్వు బంతిదండల కింద పడ్డది గని కొస కనవడ్తనే ఉన్నది. శ్రీను ముంగట నిప్పుకుండ పట్టిండు.

"ముంగట కుడిదిక్కు నేను పడ్త!" అని ఎగవడి పోయి భుజం పెట్టిన. గాడనైతే పువ్వుకు దగ్గర.

"ఎంత ప్రేమ చూసిండ్రా," అన్నరు ఎనుక ఎవలో.

డప్పులు మోగుతున్నయి. పొద్దు వాలినా ఎండ మండుతున్నది. పేలాలు సల్లుతున్నరు, బుక్కగులాలు సల్లుతున్నరు. మల్లయ్య కాక సన్నగున్నడనుకుంటి, ఎంత బరువున్నడు! భుజం గుంజుతున్నది, చెమట కండ్లల్ల పడుతున్నది. ఓరకంట పువ్వును చూద్దామంటే మెడ తిరుగుతలే.

సగం తొవ్వల పాడె దించిండ్రు. దింపుడుకల్లం. మీకెరికే గదా, పోయినోని చెవుల పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తరు, పానం ఉంటే పలుకుతడేమోనని. శ్రీను పిలిచిండు. బిడ్డ పిలిచింది. అందరు వాళ్ల దిక్కు చూస్తుంటే, ఇదే టైమనుకొని నేను మెల్లగ ఒంగిన. దండల కిందికి చెయ్యి పెట్టిన.

చూస్తే పువ్వు గులాబీరంగు! తెల్ల రేకు, పచ్చ గీతలు, మామిడి పిందె రంగు సంచి, అన్నిటి మీద గులాలు పడి, చెమ్మకు కరిగి, ఎర్ర మచ్చలు మచ్చలు. ఒక్క రంగు ఎక్కకుండ సాకిన పువ్వు, నా కండ్లముంగటనే మామూలు పువ్వైపోయింది.

నేను గట్లనే ఒంగి ఉన్న. గప్పుడే మల్లయ్య కాక తమ్ముడు లింగయ్య చెయ్యి లేపిండు.

"ఆపుండ్రి డప్పులు! సదానందం సుత పిలుస్తడట!"

డప్పులు ఆగినయి. అందరు నా దిక్కే. ఎనుకకు లేవరాదు, ముంగటికి పోరాదు. నా మూతి ఆయన చెవికాడికి పోయింది. చెవి మీద సుత గులాలున్నది.

"కాకా," అన్న.

"మల్లయ్య కాకా!"

"మల్లయ్య కాకా, నేను సదానందంను!"

పిలిచి ఆగిన. తిడ్తడేమోనని ఆగిన. నిజంగ ఆగిన. తిట్టలే.

గప్పుడొచ్చింది అసలు ఏడ్పు. ఇంటికాడ ఏడ్చిన ఏడ్పు దీని ముంగట ఏం లెక్క! రోడ్డు మీద కూలవడ్డ. నన్ను ఇద్దరు లేపి పక్కకు తీసుకపోయిండ్రు. నా చెయ్యి ఖాళీగనే వచ్చింది. పాడెకు ఇంకొకలు భుజం పెట్టిండ్రు. గోదారి ఒడ్డున దండలతోని, ధోతితోని పాటు పువ్వు సుత కాలిపోయింది. నేను దూరంకెళ్లి చూసిన.

ఆడికన్న ఆగిందా? ఆగలే అన్న గదా!

దినాలనాడు మల్ల గోదారికి పోయినం. నేను పోయింది పిండం పెడ్తే చూసి, ఇంత అన్నం తిని వద్దామని. మంగలాయన కూసున్నడు. శ్రీనుకు గుండు చేసిండు. వాళ్ల పాలోళ్లకు, అంటే ఒక్క ఇంటిపేరోళ్లకు, చేసిండు. కత్తి కడుక్కుంటుంటే లింగయ్య నా దిక్కు చూసిండు.

"సదానందం, నువ్వు కూసో."

"నేనా?"

"కడుపున పుట్టినోళ్ల కంటె ఎక్కువ ఏడ్చినవు. సిగ్గువడకు బిడ్డా, కూసో."

"అంటే… నేను మీ పాలోన్ని కాదు గదా…"

"గా ఏడ్పు ఏడ్చినంక పాలోడేంది, పరాయోడేంది!"

లచ్చవ్వ కొంగు నోట్ల పెట్టుకొని నన్నే చూస్తున్నది. కాదని ఎట్లంట? పువ్వు కోసం ఏడ్చిన అంటె మిగిలిన మొకం సుత పోతది. కాపాడుతదేమోనని పద్మ దిక్కు చూసిన. పద్మ నవ్వు ఆపుకోలేక గోదారి దిక్కు మల్లింది.

"కూసో పో," అన్నది అటే మొకం పెట్టి. "ఎంటికలే గదా, మొలుస్తయి."

కూసున్న. మంగలాయన నెత్తి మీద నీళ్లు సల్లి బరబర గీకిండు.

తెల్లారి ఫస్టు షిఫ్టు. బాయిమీద ల్యాంపులిచ్చేకాడ లైన్ల నిలవడితే, ల్యాంపులిచ్చే ఓదెలు నా నెత్తి చూసి ఆగిండు.

"ఎవలు పోయిండ్రే సదన్నా?"

"మా కాక."

"అయ్యో. సొంత కాకనా?"

ఏం జెప్పాలె? "మాకు వాళ్లకు నడుమ ఒక్క స్లాబే అడ్డం," అన్న.

ఓదెలుకు ఏం సమజైందో ఏమో, పాపం, నా చెయ్యి పట్టుకొని ఒత్తిండు. ఇంకో మాట అడుగకముందే జల్ది జల్ది టోపి పెట్టుకొని బాయిలకు దిగుతున్న. ఎంటికలు లేని నెత్తి మీద టోపి నిలుస్తదా? జారి కండ్లకు అడ్డం పడ్డది. పోయి ముంగటోన్ని గుద్దుకున్న.

"ఏ, ఏమనకుండ్రి," అన్నరు ఎనుకోళ్లు. "దుఃఖంల ఉన్నడు. తొవ్వ కనవడుతలేదు పాపం."

అవునన్నట్టు తల ఊపిన. టోపి మల్ల జారింది.