క, లక, పలక

మొన్న మంగళవారం ఉదయం మనవరాలు తన ఫోను నా ముందు పెట్టి, రాళ్ల కంపెనీ ఒకదానికి తాను చేసిన ప్రకటన చూపించింది. పేరులోని అక్షరాలు ఒక్కొక్కటే దొర్లుకుంటూ వచ్చి వరుసలో నిలబడ్డాయి. మొత్తం ఆరు సెకన్లు, నేను లెక్కపెట్టాను. దీన్ని మోషన్ గ్రాఫిక్స్ అంటారని, కదలని పేరును ఈ రోజుల్లో ఎవరూ గుర్తుపెట్టుకోరని ఆ పిల్ల చెబుతుంటే, మెచ్చుకోవలసింది పోయి ముఖం తిప్పుకున్నాను. ఎనభై ఏడేళ్ల వయసులో మనవరాలి మీద కుళ్లేమిటని మీరనుకోవచ్చు. నా కుళ్లు దాని మీద కాదు, మా వదిన మీద.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తర్వాత రెండో వేసవి అది. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మా నాయన పలకలు చేయించి అమ్మేవాడు. ఊరి నిండా పలకల దుకాణాలే కాబట్టి, వేసవిలో డేరా వేసే టూరింగ్ టాకీసులో ఆటకు ముందు మా దుకాణం పేరు తెర మీద పడేటట్లు ఏర్పాటు చేసుకున్నాడు. ఆ గాజు స్లైడు రాసేది నేనే. గాజుకు మసి పట్టించి, సూదితో గీరి, అక్షరానికీ అక్షరానికీ మధ్య జొన్నగింజంత ఎడం తప్పకుండా చూసేదాన్ని. దుకాణం బోర్డూ నా రాతే. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించిన ఇంట్లో నాకంటూ ఉన్న పేరు అదొక్కటే.

ఆ ఫాల్గుణంలో గిద్దలూరు నుంచి మా అన్న భార్య కాపురానికి వచ్చింది. నా స్లైడును వెలుగుకెత్తి చూసి, "అచ్చరాలు బాగుండాయి గానీ, సచ్చినట్ట పడుండాయేందమ్మే!" అన్నది. రెండు రోజుల్లో తానొకటి చేసింది. రెండు గాజుల మధ్య నల్ల అట్టముక్క దూర్చి, దాన్ని కుడివైపుకు లాగుతుంటే 'పలక' అన్న మాట ఎవరో రాస్తున్నట్లు ఒక్కో అక్షరమే బయటపడేది. నాయన కళ్లు మెరిసినాయి. శనివారం రెండూ వేయిద్దామని, జనం దేన్ని మెచ్చుకుంటే వేసవంతా అదే ఉంటుందని తేల్చాడు.

వదినకు తెలియనిది, రెండేళ్లుగా స్లైడ్లు అందిస్తున్న నాకు తెలిసినది ఒకటుంది: యంత్రంలో స్లైడును తలకిందులుగా పెడతారు. అప్పుడు అట్టను ఎడమవైపుకు లాగాలి. ఆమె ఆపరేటరుకు "కుడి పక్కకు లాగన్నా" అని చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను, నోరు విప్పలేదు. నలుగురిలో నవ్వులపాలైతే మళ్లీ నా అక్షరాల జోలికి రాదనుకున్నాను.

ముందు నా స్లైడు పడింది. ఇరవై లెక్కపెట్టేదాకా ఉన్నది. నా పక్కనున్న ఆడమనిషి వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ తలెత్తనైనా లేదు. తర్వాత తెర నల్లబడి, కుడి చివర 'క' వెలిగింది.

"ఏందిరా ఇది, తోక ముందొచ్చె!" అని నేల తరగతిలోంచి ఎవడో అరిచాడు. జనం గొల్లుమన్నారు. నా కడుపు చల్లబడింది. ఇంతలో 'లక' అయింది; పిల్లలు పైకి చదివారు. 'పలక' అయ్యేసరికి డేరా మొత్తం ఒక్క గొంతుతో చదివి చప్పట్లు కొట్టింది. "ఇంగోసారి లాగు మామా!" అని అరుస్తుంటే ఆపరేటరు ఇంకా మూడుసార్లు లాగవలసి వచ్చింది.

మర్నాటి నుంచి వీధుల్లో పిల్లలకు అదే పాట. దోర్నాల, బేస్తవారిపేట నుంచి వచ్చినవాళ్లు సైతం "ఆ క, లక, పలక దుకాణం ఏదబ్బా?" అని అడిగి మరీ వచ్చేవారు. నాయన ఆ మాటలనే బోర్డు మీద రాయమన్నాడు, నన్ను. రాశాను, జొన్నగింజంత ఎడం తప్పకుండా. అంత చక్కగా నేను మళ్లీ ఏదీ రాయలేదు.

ఒకనాడు వదిన బియ్యం చెరుగుతూ, "తిప్పి లాగాలని నీకు ముందే తెల్సు గదమ్మే?" అన్నది. తెలియదన్నాను. ఆమె నవ్వి చేట తట్టిందే గానీ మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆమె పోయి పంతొమ్మిదేళ్లయింది. నేను చెప్పి ఉంటే అందరి పేర్లలాగే అదీ తెర మీద కాసేపు పడి మరుగైపోయేదని, ఆమె పేరు నిలిపింది నా మౌనమేనని ఆమెకు చెప్పనే లేదు.

ఈనాడు ప్రకటనలు ఎటు చూసినా కదులుతున్నాయి. ఎవరి ఫోనులో వాళ్లు చూసి, వేలితో తోసేస్తారు. పైకి చదివే గొంతు లేదు. చేసిందెవరో తెలియదు, కాబట్టి కుళ్లుకునే అవకాశమూ లేదు. మా కాలంలో ఆ మనిషి మన ఇంట్లోనే ఉండి, మనల్ని ఓడించిన రోజు రాత్రి కూడా మన కంచంలోనే ముందు అన్నం వడ్డించేది.