విజయక్క పెంచిన బొద్దింకలు

వినాయక చవితి ముందురోజు అమీర్‌పేట మార్కెట్లో పత్రి కట్టలు రోడ్డు మీదికి పొంగివస్తాయి. మొన్న ఆ వరసలో బేరమాడుతుంటే ఉమ్మెత్తాకు వాసన గుప్పున తగిలింది. పచ్చిగా, కాస్త వెగటుగా ఉండే వాసన. చాచిన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. పత్రి అమ్మే ఆవిడ నన్నేదో పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఆవిడకి విజయక్క గురించి ఎలా చెప్పను? మీకైతే చెప్పగలను.

అప్పట్లో నేను భీమవరం నుంచి వచ్చి అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ పెట్టిన కొత్త. మా పక్కిల్లు విజయక్కది. కరెంటు ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఒక్కతే ఉండేది. ఒకరోజు ప్రహరీ మీంచి తొంగిచూసి, "చెల్లే, గా గుడ్ల ట్రేలు పారేస్తున్నవా? నాకియ్యి జర" అంది. హాస్టల్లో గుడ్లకి కొదవేముంది, అట్ట ట్రేలు గుట్టలుగా పడుండేవి. "మీకెందుకండీ?" అంటే, "నా పిల్లలకు ఇండ్లు కట్టాలె" అని నవ్వింది. ఏ కోడిపిల్లలో అనుకుని వారం వారం ఇస్తూ పోయాను. ఒకసారి నేనే తీసుకెళ్ళి ఆవిడ వెనక గదిలో పెట్టబోయి, అక్కడున్న ప్లాస్టిక్ డబ్బాలోకి చూశాను. మా ట్రేలే నిలువుగా పేర్చి ఉన్నాయి. వాటి గుంటల నిండా బొద్దింకలు! నా కేక విని పరిగెత్తుకొచ్చిన విజయక్కని పట్టుకుని, "ఇవేంటండీ బాబూ, పక్కన నా వంటిల్లు ఉంది!" అని ఏడ్చినంత పని చేశాను.

ఆవిడ ఒకదాన్ని తీసి డబ్బా గోడకి ఆనించి వదిలింది. అది కాళ్ళు కొట్టుకుంటూ జారి కింద పడింది. "చూసినవా? ఇవి మనింట్ల తిరిగేటియి కావు. నున్నటి గోడ ఎక్కనే ఎక్కవు. ఫికర్ చెయ్యకు" అంది. అప్పుడు చూపించింది అసలు మహారాణిని. గాజుపెట్టెలో పసుపుపచ్చ ఒంటిమీద నల్లచుక్కలున్న బల్లి. పేరు బంగారం. ఆ బొద్దింకలన్నీ దాని తిండికే. బల్లి మీద పడితే తలస్నానం చేసి దీపం పెట్టే ఇంట్లో పుట్టినదాన్ని నేను. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని ముద్దులాడుతుంటే నేను గుమ్మందాకా వెనక్కి జరిగాను. "కుక్కయితే పిలువాలె, పిల్లయితే బతిమాలాలె. గిది నన్నేం అడగది చెల్లే, ఆకలైతే చూస్తది అంతే" అంది.

భయం తగ్గడానికి చాలా నెలలే పట్టింది. తగ్గాక, రోజూ మధ్యాహ్నం వంట ముగించి ఆ గదికి వెళ్ళి కూర్చునేదాన్ని. కీచురాళ్ళని ఆవిడ పెంచేది కాదు. గోల చేస్తాయి, పైగా తినగా మిగిలినవి నిద్రపోతున్న బల్లినే కొరుకుతాయి. పిండిపురుగుల్ని నేతి మిఠాయిలా ఎప్పుడో ఒకసారి పెట్టేది, కొవ్వు పడుతుందని. రోజూ పెట్టడానికి బొద్దింకలే మేలనేది. బల్లి రెండు కళ్ళ మధ్య ఎడం కన్నా పురుగు పెద్దదైతే పక్కకి తీసేసేది. మిగిలినవాటిని బొబ్బట్టుకి పిండి అద్దినట్టు కాల్షియం పొడిలో దొర్లించేది. బయటి పురుగు ఒక్కటి కూడా గడప దాటకూడదు, దాని మీద ఎవరు ఏ మందు కొట్టారో తెలీదు కదా. డబ్బాల్లోకి వెళ్ళే క్యారెట్‌ని నేను హాస్టల్ పిల్లల కోసం కడిగినదానికన్నా శుభ్రంగా కడిగేది. "పురుగు తిన్నదే బల్లి తింటది. నువ్వు బల్లికి పెడుతున్నవనుకోకు, పురుగు కడుపుల ఉన్నది పెడుతున్నవ్" అనేది. బల్లుల్ని పెంచుకునేవాళ్ళు యూసుఫ్‌గూడ నుంచి, పంజాగుట్ట నుంచి ఆ పురుగుల కోసమే వచ్చేవాళ్ళు. కళ్ళు మూసుకుని తమ ప్రాణుల నోట్లో పెట్టేవాళ్ళు, విజయక్క ఇచ్చిందంటే చాలు.

అలాంటి మనిషి చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ ఏడు చవితి పూజ అయ్యి, సాయంత్రం దేవుడికి ఉద్వాసన చెప్పాక, పత్రిని ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. చెత్తబండిలో వేస్తే పదిమంది తొక్కుతారు, పాపం. చెరువుదాకా తీసుకెళ్ళే ఓపిక లేదు. పచ్చని ఆకులే కదా అని మొత్తం పెద్ద డబ్బాలో పరిచేసింది. మర్నాడు పొద్దున అందులోంచే తీసి బంగారానికి పెట్టింది. బేగంపేట నుంచి వచ్చిన కిరణ్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయికి అందులోవే ఒక పెట్టె నింపి ఇచ్చింది. అతను ఒక బియర్డెడ్ డ్రాగన్‌ని, అంటే గడ్డమున్న తొండలాంటి ప్రాణిని, ప్రాణంగా పెంచుకుంటున్నాడు.

నేను వెళ్ళేసరికి విజయక్క డబ్బా ముందు చతికిలబడి ఉంది. బొద్దింకలు సగం వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తున్నాయి. ఆవిడ చేతిలో అంచులు కొరికిన ఉమ్మెత్తాకు. "ఉమ్మెత్త, గన్నేరు, అన్నీ నేనే ఏసిన చెల్లే" అంది. "మీకు తెలీదా అక్కా, అవి విషమని?" అన్నాను, నమ్మలేక. "ఎందుకు తెల్వది? దేవుని మీద పడ్డది విషమెట్లయితదనుకున్న" అంది. గాజుపెట్టెలో బంగారం అప్పటికే తల ఎత్తలేకపోతోంది.

ఆవిడ ఫోన్ అందుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను. "నిజం చెప్పకండి అక్కా. పురుగులకి ఏదో జబ్బు తగిలింది, పెట్టొద్దనండి, చాలు. మీ పేరు పోతుంది." ఆవిడ నా చెయ్యి విడిపించుకుంది. "జబ్బంటే, నాలుగు మంచియి ఏరి పెడతడు. విషమంటే పెట్టడు" అని నంబరు నొక్కింది. "కిరణ్, గా పురుగులు పెట్టకు బిడ్డా. వాటికి విషపాకులు తినిపించిన. నేనే తినిపించిన. తప్పు నాదే" అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. వయసులో అంత పెద్దావిడ, ఆఫీసులో అందరినీ గడగడలాడించిన మనిషి, కొడుకు వయసు కుర్రాడితో అలా చెప్పగలదని నేను కలలో కూడా అనుకోలేదు. అవతల అతను అరుస్తున్నాడు. మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ అడ్డు చెప్పకుండా అంతా విని, ఫోన్ పెట్టేసి, "మస్తు తిట్టిండు. ఇంకా పెట్టలేదంట. వాని తొండ బతికింది" అంది.

బంగారం మాత్రం మధ్యాహ్నానికి ఆవిడ అరచేతిలోనే పోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా లాభం లేకపోయింది. విజయక్క ఏడుస్తుంటే చూడటం నాకదే మొదలు. ఆ తర్వాత పురుగుల కోసం వచ్చేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఆవిడ ఎవరినీ నిష్ఠూరమాడలేదు. మళ్ళీ బల్లిని కూడా తెచ్చుకోలేదు.

అక్క ఇప్పుడు లేదు. ఈ మధ్య ఒక మధ్యాహ్నం, సగం మంది పిల్లలు భోజనం చేశాక, మా వంటావిడ గరిటెతో సహా నా గదిలోకి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. సాంబార్‌లో బల్లి. "గిన్నె మార్చేద్దామమ్మా, ఎవరికీ తెలీదు" అంది. ఇంటర్వ్యూల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి నన్ను నమ్మి తింటున్న పిల్లలు. లేచి హాల్లోకి నడిచి, "ఎవరూ తినకండి, సాంబార్‌లో బల్లి పడింది. తిన్నవాళ్ళు నాతో ఆసుపత్రికి రండి" అన్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ నెల గదులు చాలా ఖాళీ అయ్యాయి. నన్ను ధైర్యవంతురాలని ఒకరిద్దరు మెచ్చుకున్నారు. అదేం కాదు. నిజం దాచి పడుకునే ధైర్యం నాకు లేకుండా చేసి పోయింది విజయక్క.