అట్ట గద భీముడి సాము

బసవపున్నయ్య భీముడు. ఫిల్మ్‌నగర్ టీకొట్లలో ఆయన అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదు, భీముడంటే చాలు, బల్ల తుడిచి మరీ కూర్చోబెడతారు. మద్రాసులో పౌరాణికాలు తీసే రోజుల నుంచీ ఆ వేషం ఆయనదే. పరిశ్రమ హైదరాబాదు తరలివచ్చాక టీవీ సీరియళ్ళలోనూ ఆయనదే. ఛాతీ చూస్తే తలుపుచెక్క. పొట్ట చూస్తే వృకోదరుడికి వేరే మేకప్ అక్కర్లేదు. ఇక చేతిలో గద అంటారా, లోపల అట్ట, పైన బంగారు కాగితం. ఫ్యాను వేస్తే దొర్లిపోయే సరుకు.

ఆ అట్టని బరువుగా చూపించడంలోనే ఉంది విద్యంతా. ముందు మోకాళ్ళు వంచేవాడు. పళ్ళు బిగించేవాడు, మెడనరాలు ఉబ్బించేవాడు, అప్పుడొక గర్జన చేసి అంగుళం అంగుళం పైకి లేపేవాడు. చూసేవాళ్ళకి నడుములు పట్టేసేవి. డైరెక్టర్ సత్యనారాయణమూర్తి కళ్ళజోడు తుడుచుకుని, "బరువంటే అదండీ!" అనేవాడు. ఇరవై ఏళ్ళు ఏమీ ఎత్తకుండా అంత బరువు మోసిన మహానుభావుడు మరొకడున్నాడా చెప్పండి!

ఇంట్లో మోత మాత్రం ఆయన భార్య పుష్పవల్లిది. వెంగళరావు నగర్‌లో మూడో అంతస్తు వాటా వాళ్ళది. కుళాయి కింద ఉంది, అదీ రోజు విడిచి రోజు, తెల్లవారుజామున. బిందెలు పైకెక్కించేది ఆవిడ. గ్యాసు బండ ఆవిడే, బియ్యం బస్తా ఆవిడే. అయ్యగారు ఆ వేళకి నిద్రలో ఉండేవారు. భీముడికి నిద్ర చాలకపోతే కళ్ళకింద చారలొస్తాయి, కెమెరా ఊరుకోదు పాపం.

తొంభైమూడులో పుష్పవల్లికి గర్భసంచి ఆపరేషనైంది. అసలే రక్తం తక్కువ మనిషి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ పున్నయ్యని ఎగాదిగా చూసి, "కొన్నాళ్ళపాటు బిందె కాదు కదా, చెంబు కూడా ఎత్తనివ్వకండి. కుట్లు తెగితే మళ్ళీ కొయ్యాలి, ఈవిడ తట్టుకోలేదు," అంది. ఆపైన నవ్వి, "మీలాంటి మనిషి ఇంట్లో ఉంటే భయమేముంది లెండి!" అని కూడా అంది. పున్నయ్య మీసం దువ్వుకున్నాడు.

ఆ మర్నాడు లుంగీ ఎగ్గట్టి కుళాయి దగ్గరికి దిగాడు. మోకాళ్ళు వంచాడు. గర్జించాడు. కాలనీ సగం లేచి కూర్చుంది. బిందె భుజానికైతే ఎక్కింది గానీ, మొదటి అంతస్తు మలుపులో పట్టు తప్పి ఇంటి ఓనరు గుమ్మంలో బోర్లాపడింది. పైనుంచి పుష్పవల్లి పొట్ట పట్టుకుని మెల్లగా దిగి వచ్చింది. బిందె కోసం వంగబోయింది. "నా మీద ఒట్టు, ముట్టుకున్నావంటే!" అని అరిచాడు పున్నయ్య. అంతదాకా బానే ఉంది. మరి నీళ్ళెవరు తెస్తారు? ఆ మాటకి ఎవరూ డైలాగు రాసివ్వలేదు.

ఓనరు రామలింగం తడిసిన కాళ్ళతో బయటికొచ్చాడు. "ఏందన్నా భీమన్నా! బిందెను నువ్వు ఎత్తుతున్నవా, నిన్ను బిందె ఎత్తుతున్నదా?" అన్నాడు. ఈ రామలింగం కుర్రతనంలో ధూల్‌పేట తాలీంఖానాలో సాము నేర్చినవాడు. రోజూ పొద్దున్నే డాబా మీద ముగ్దర్లు తిప్పుతాడు. అద్దెకున్నవాళ్ళందర్నీ రమ్మని పిలిచి పిలిచి విసిగిపోయాడు, ఒక్కడూ పైకి రాలేదు. ఇప్పుడు ఏకంగా భీముడే దొరికితే వదులుతాడా!

ముగ్దర్లంటే పిడి సన్నగా, కింద లావుగా చెక్కిన కర్ర గదలు. రెండు చేతుల్తో నిలబెట్టి పట్టుకుని, భుజం మీదుగా వీపు వెనక్కి వదిలి, మళ్ళీ ముందుకు తేవాలి. పున్నయ్య దూరం నుంచి చూస్తూనే గర్జించాడు. "ఇంకా ముట్టనే లేదు, గప్పుడే ఎందుకు మొత్తుకుంటున్నవ్?" అన్నాడు రామలింగం. "జర నోరు మూస్కో. గా ఊపిరి భుజానికియ్యి. దాన్ని గుంజకు, అదే తిరుగుతది. నువ్వు అడ్డం రాకు."

కొన్నాళ్ళు చిన్న బకెట్లతో, మెట్టుకొక దేవుణ్ణి తల్చుకుంటూ నీళ్ళు చేరేశాడు. పుష్పవల్లి అందుకోబోయి చెయ్యి చాపినప్పుడల్లా కుట్లు తెగుతాయని ఆయనకి భయం. ఆ భయమే రోజూ డాబా ఎక్కించింది. చలికాలం వచ్చేసరికి మూతి వంకరలు పోయాయి. గర్జన పోయింది. భుజాన ఒక బిందె, చేతిలో ఒక బిందె, మూడో అంతస్తు దాకా పక్కవాటా వాళ్ళకి మెలకువ రాకుండా ఎక్కేవాడు. పుష్పవల్లి మొహం తేటపడింది, కుట్లు మానాయి.

అక్కడ ఇల్లు నిలబడిందా, ఇక్కడ సెట్టులో కొంప మునిగింది. యుద్ధం సీను. పున్నయ్య గద ఎత్తాడు, అప్పడాల కర్ర తీసినట్టు. "కట్! ఏంటి పున్నయ్యగారూ, బరువు కనబడ్డం లేదు!" మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అంతే. నిజం బరువు మరిగిన భుజాలు అబద్ధానికి వంగమని మొరాయించాయి. రోషం వచ్చింది. మర్నాడు రామలింగం ముగ్దర్‌కే బంగారు కాగితం చుట్టి పట్టుకెళ్ళి, గాలి రివ్వుమనేలా తిప్పి చూపించాడు. సత్యనారాయణమూర్తి పెదవి విరిచి, "ఏమనుకోకండి, అచ్చం అట్టలా ఉందండీ," అన్నాడు. తర్వాత దాన్ని పక్కకి జరపడానికి సెట్టింగువాళ్ళు ఇద్దరు కావలసివచ్చింది. అయినా కెమెరాకి సాక్ష్యాలెందుకు? పళ్ళు కొరకడంలో దిట్ట అయిన ఒక సన్నటి ఆసామికి భుజాలమీద దూది కట్టి భీముణ్ణి చేశారు. అతను అట్ట గద ఎత్తుతుంటే అందరికీ చెమటలు పట్టాయట.

పున్నయ్య జూబ్లీహిల్స్ నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. సాయంత్రం ట్యాంకరు వచ్చిపోయినట్టుంది, కింద నిండు బిందెల పక్కన పుష్పవల్లి నిలబడి ఉంది. ఆయన రెండు బిందెలూ అందుకుని మెట్లెక్కసాగాడు. ఆవిడ ఖాళీ చేతుల్తో వెనకాల వస్తోంది.

రెండో అంతస్తు దగ్గర ఉండబట్టలేకపోయాడు. "వేషం పోయింది పుష్పా. ఎంత అన్యాయమో చూడు! మూలక్కుండా ఎత్తితే బరువే లేదనుకుంటారట వెధవలు. కళ్ళా అవి?"

"అవునండీ," అంది పుష్పవల్లి. "నేనూ ఎప్పుడూ మూలగలేదు."

పున్నయ్య అడుగు మెట్టు మీద ఆగిపోయింది. ఎంతకీ కదలడు.

"ఏంటండీ, బరువుగా ఉందా?" అని అడిగింది ఆవిడ.

"ఉంది," అన్నాడు.