పప్పు బాగుందని రాయమన్నాను

నిన్న పొద్దున్న మా చెల్లెలితో ఫోనులో కబుర్లు సాగిస్తూ పొయ్యి సంగతి మరిచిపోయాను. అడుగంటిన కందిపప్పు వాసన ముక్కుకి తగిలేసరికి ఫోను చెవి దగ్గర అలాగే ఉంది గాని నేను మాత్రం ఇంట్లో లేను. పదేళ్ళకు పైగా వెనక్కి, గజపతినగరం దగ్గర హైస్కూలు వెనకున్న రేకుల వంటపాకలో, పొగకి కళ్ళు మండుతూ నిలబడి ఉన్నాను. మన ఈడు వాళ్ళకి ఇదొక జబ్బు, వాసన పిలిస్తే చాలు, చెప్పులైనా తొడుక్కోకుండా పోతాం.

నేను ఐదో తరగతితో చదువు మానేశాను. బడి మీద కోపం లేదు, మా ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంకో చంక లేకపోయింది, అంతే. ముప్పై ఏళ్ళు దాటాక మళ్ళీ బడిలో చేరాను, పలకతో కాదు, గరిటెతో. మా పొదుపు సంఘం తరఫున మధ్యాహ్న భోజనం వండేదాన్ని. రాయగడ వైపు వెళ్ళే రైలు కూత వినగానే ఎసట్లో పప్పు పోయడం, పొగ మెల్లగా లేచి మంచులో కలిసిపోవడం చూస్తూ కూర్చోవడం, తరగతుల్లోంచి తేలివచ్చే పాఠాలు వినడం... నేను వదిలేసిన ఆరో తరగతి, ఏడో తరగతి ముక్కలు ముక్కలుగా కిటికీ దాటి వచ్చి నా గిన్నెల మీద వాలినట్టుండేది. సాంబారులో ములక్కాడ ముక్క దొరికినవాడే ఇవాళ్టి రాజు అని పిల్లలకి చెప్పేదాన్ని. రాజులు మరీ తక్కువమంది ఉండేవారనుకోండి, అది వేరే సంగతి.

ఆ రోజుల్లోనే, పరీక్ష ఒక్కటే చాలదు, పిల్ల ఏం నేర్చుకుందో డైరీలోనూ ప్రాజెక్టులోనూ చూసి మార్కులు వెయ్యాలని కొత్త పద్ధతి వచ్చింది. ప్రాజెక్టు అంటే మా పిల్లలకి ఫ్యాన్సీ షాపులో దొరికే బొమ్మల షీటు. పక్షుల గురించి రాసుకురమ్మంటే తరగతంతా ఒకే నెమలిని అట్టల మీద అతికించుకొచ్చింది. డైరీలు ఇంకా ముచ్చట. లేచాను, పళ్ళు తోముకున్నాను, బడికి వచ్చాను, పడుకున్నాను. వారం డైరీ ఒక్కసారే కూర్చుని రాసేయడంతో ఆదివారం కూడా అందరూ బడికి వచ్చేశారు.

"ఆదివారం మీరంతా వస్తే నాకు కబురెట్టలేదేటర్రా, మరెవులు వండారు?" అన్నాను, క్లాసులో అవి పైకి చదువుతుంటే కిటికీలోంచి విని. పిల్లల కంటే ముందు తెలుగు మేడమే నవ్వేసింది.

రోజూ విజయనగరం నుంచి బస్సులో వచ్చే ఆ మేడమ్ మెత్తని మనిషి. ఆ రోజు పిల్లలతో, కన్ను చూసిందీ చెవి విన్నదీ నాలుకకి తెలిసిందీ రాయండి, మంచి మాటకి కాదు, నిజమైన మాటకి మార్కులేస్తాను అంది. ఆ ముక్క చాలామందికి ఈ చెవిలోంచి ఆ చెవిలోకి పోయింది గాని, ఎనిమిదో తరగతి చదివే మా మరిది కూతురు మాత్రం దాన్ని ఒట్టులాగ పట్టుకుంది.

ఒకరోజు అటెండరు వచ్చి, వచ్చే వారం పక్క మండలం నుంచి టీచర్లు జట్టుగా వచ్చి ఈ డైరీలన్నీ చదువుతారని చెప్పాడు. మీ పిల్ల డైరీ నిండా నీ వంటే ఉన్నాది అని నవ్వుతూ పోయాడు. నాకు నవ్వు రాలేదు. వంట తమకి ఇమ్మని ఇంకో సంఘం అప్పటికే పెద్ద మాస్టారి చుట్టూ తిరుగుతోంది. సాయంత్రం మరిది ఇంటికి వెళ్ళి, పిల్ల నీళ్ళకెళ్ళినప్పుడు పుస్తకం తీసి వేలు పెట్టుకుని చదివాను. నేను చెప్పిన హాస్యాలన్నీ ఒక్కటీ పోకుండా ఉన్నాయి. మురిసిపోతూ పేజీ తిప్పాను. "సోమవారం పప్పు మాడింది. పెద్దమ్మ కథ చెబుతూ కలపడం మరిచిపోయింది. ఇది పొగపప్పు, కొత్త వంట అంది. అందరం నవ్వాం. ఆరో తరగతి పిల్లలు తినకుండా పారబోశారు."

ఆ చివరి వాక్యంలో ఉన్నది నేను చూడనిది. నా నవ్వుల వెనక కొన్ని కంచాలు ఆకలితో లేచిపోయాయని నాకు తెలియదు. తెలిశాక సిగ్గుపడాలి కదా, నేను భయపడ్డాను.

పిల్ల రాగానే అన్నాను, "ఒసే, రేపు పప్పు బాగున్నాదని రాయే."

"బాగుంటే రాస్తాను పెద్దమ్మా."

"బాగోపోయినా రాయాల. లేపోతే నీ పెద్దమ్మ గరిట అవతలోళ్ళ సేతికెళ్ళిపోతాది."

పిల్ల నా మొహం చూసి తలూపింది.

టీచర్ల జట్టు వచ్చిన రోజు వంటపాక గుమ్మంలోనే నిలబడ్డాను. వరండాలో ఒక సారు కొన్ని డైరీలు తీసి చదువుతూ, ఒకచోట ఆగి పైకి చదివాడు. "ఈ రోజు పప్పు బాగుందని రాయమని మా పెద్దమ్మ చెప్పింది. అందుకని రాస్తున్నాను. పప్పు బాగుంది."

వెనక్కి తిప్పి సోమవారం పేజీ కూడా చదివాక నన్ను పిలిచారు. కట్టెలు తడిగా ఉంటాయా అమ్మా, అందుకే మాడిందా అని ఆ సారే నాకో దారి చూపించాడు. అవునంటే అయిపోయేది. ఎదురుగా పిల్ల నిలబడి ఉంది. దాని కళ్ళలో బతిమాలడం లేదు, కోపం లేదు, నేనేం చెబుతానో విని రాసుకునేదానిలాగ ఊరికే చూస్తోంది.

"కట్టెలు బాగానే ఉన్నాయండి బాబూ. గరిట కంటే నా నోరు ఎక్కువ తిరిగింది. పప్పు మాడిందీ నిజమే, అలా రాయమందీ నేనే," అన్నాను.

డైరీకి పిల్లకి పూర్తి మార్కులు పడ్డాయి. పెద్ద మాస్టారు నాకు ఒక నెల గడువిచ్చి, వంట ఎలా ఉందో ఈ పిల్ల డైరీలోనే చూస్తానన్నాడు. ఆ నెలంతా పొయ్యి దగ్గర కథలు కట్టిపెట్టి గరిట పట్టుకునే ఉన్నాను. పిల్లలు కథలడిగితే, ముందు తినండ్రా, ఖాళీ కంచం సూపించినోడికే కథ అనేదాన్ని. నెలాఖరున మేడమ్ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఈ రోజు పప్పు బాగుంది. ఎవరూ రాయమనలేదు. ఆరో తరగతి పిల్లలు మళ్ళీ పెట్టించుకున్నారు." గరిట నా దగ్గరే ఉండిపోయింది. నాకు బళ్ళో వచ్చిన మార్కులు అవే.

ఇప్పుడు మా మనవడి బడికి అన్నం ఎక్కడో వండి, వ్యానులో డబ్బాలకెత్తి తెస్తారట. వండిన మనిషి పిల్లల మొహాలు చూడదు, పిల్లలు ఆవిడ మొహం చూడరు. వాడి పరీక్షలో నాలుగు జవాబులిచ్చి ఒకదాని మీద టిక్కు పెట్టమంటారు. ఇవాళ నీ నాలుకకి ఏం తెలిసింది అని వాణ్ణి అడిగేవాళ్ళు లేరు. మా మరిది కూతురు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. ఎప్పుడైనా ఫోను చేస్తే, ఎలా ఉన్నావే అని అడుగుతాను. బాగున్నాను పెద్దమ్మా అంటుంది, ఒక్క క్షణమైనా ఆలోచించకుండా. ఎనిమిదో తరగతిలో అది ఆ మాట అంత తేలిగ్గా అనేది కాదు.